విశేషణం మిగిలిన ఊరు

మొగిలికుంట,
12 జనవరి 2025

బామ్మర్ది సంపత్‌కు,

ఈసారి క్షేమ సమాచారం చివర రాస్తాను. ముందు కోపం దించుకోవాలి.

మా ఊరిని అర్బాజ్ చేతిలో పెట్టారు. ఏ అర్బాజ్ అనకు. మా ఎదురింటి అలీముద్దీన్ కొడుకు, ట్రాలీ ఆటో నడిపేవాడు. మూల తిరిగాక హారన్ కొట్టే మొనగాడు. వాడి చేతిలో ఊరంట!

నిన్న పొద్దున ఒకడు ఆటోకు మైకు కట్టుకుని వాడవాడా తిరిగాడు. నా చెవుల సంగతి నీకు తెలుసు. బొగ్గుబాయిలో డ్రిల్లు పట్టీ పట్టీ పోయిన చెవులు, వాటికి మైకైనా దోమపాటే. అందుకని ఆటో పక్కనే నడుస్తూ వాడి నోరు చూస్తూ విన్నాను. “ఇయ్యాల్టి సంది మీది పంచాయతి కాదు. ఇగ రోడ్లు, నల్లాలు, లైట్లు, మోరీలు అన్నీ అర్బాజే!” అన్నాడు. నమ్మలేక ఇంటికొచ్చి మీ అక్కను అడిగాను. అనసూర్య కూడా తల ఊపి అదే మాట అంది. ఆమె పెదవులు “అర్బ” దాకా నాకు స్పష్టంగా కనిపించాయి. ఆ తర్వాతది నాలుక లోపల చేసే పని, అది నాకెలా కనిపిస్తుంది? రాసి చూపించమంటే ఆమెకు రాయడం రాదు.

తిన్నగా అలీముద్దీన్ సైకిల్ షాపుకు పోయాను. వాడూ నేనూ ఒకే షిఫ్టులో దిగి, ఒకే డబ్బాలో తిన్నవాళ్ళం. అయినా ఒక్క మాట చెప్పలేదు చూడు. “ఏందిరా, నీ కొడుకు ఊరికే పెద్ద అయిండట. ఇగ నల్లా నీళ్ళకు మేము నీ ఇంటి ముందట లైన్ కట్టాల్నా?” అన్నాను. వాడు పానా చేతిలో పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. “ఆగయ్యా, దిమాగ్ గిట్ల ఖరాబైందా?” అన్నాడు. మాటకు మాట పెరిగింది. నా గడప తొక్కకు అని నేనన్నాను. నువ్వు కూడా తొక్కకు అని వాడన్నాడు. అది మాత్రం నాకు బాగా వినబడింది.

అర్బాజ్ ఏ పార్టీలో చేరి ఈ పదవి సంపాదించాడో నువ్వు కనుక్కుని రాయి. ఫోన్‌లో చెప్తానంటే కుదరదు. మీ అక్క ఫోనెత్తి వానలు, జ్వరాలు అడిగి పెట్టేస్తుంది. యూనియన్ కరపత్రాలు రాసిన చెయ్యి నాది, నాకు ఉత్తరమే నయం.

అందరం బాగున్నాం. మాకున్న ఒక్క బర్రె సుక్క సూడితో ఉంది, హోళీ దాటాక ఈనుతుంది. మీ అక్కకు దాని కడుపు తప్ప వేరే లోకం లేదు. కాలనీ క్వార్టర్లవాళ్ళు ఇప్పటినుంచే పాలకు చెప్పి పెట్టుకుంటున్నారు.

నీ చెవిటి బావ,
ఆగయ్య

*

జైపూర్,
20 జనవరి 2025

బావకు సంపత్ నమస్కారం.

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు నీ చెల్లె, మా ఇంటావిడ సంధ్యారాణి పొయ్యి మీద కూర వదిలేసి వచ్చింది. ఆమెకు చదివి వినిపించాక ఆ కూర మాడింది. ఆ పాపం నీదే.

అది అర్బాజ్ కాదు బావా, అర్బన్! నీ ఊరు అర్బన్ అయింది. అంటే పట్టణంలో కలిపారు. అలీముద్దీన్ కొడుక్కి ఏ పదవీ రాలేదు. ముందు పోయి ఆ మనిషిని బతిమాలుకో.

ఇంగ్లీషు సార్‌ని కాబట్టి పాఠం చెప్పకుండా ఉండలేను. అర్బన్ అనేది విశేషణం. విశేషణం అంటే నామవాచకం ముందు నిలబడి అది ఎలాంటిదో చెప్పే మాట. ఎర్ర చొక్కాలో ఎర్ర లాంటిది. లాటిన్ భాషలో నగరాన్ని ఊర్బ్స్ అనేవారు, అందులోంచి వచ్చింది. నగరానికి సంబంధించిన, నగరంలా ఉండే అని అర్థం. అర్బన్ ఏరియా, అర్బన్ లైఫ్ అని వాడాలి. దీనికి ఎదురు మాట రూరల్. మనవాళ్ళు “మాది అర్బన్” అని ఊరికే అనేస్తారు, బడిలో పిల్లలు అలా రాస్తే నేను మార్కులు కోస్తాను. వెనక నామవాచకం లేకపోతే విశేషణం గాలిలో వేలాడుతుంది. ఇంకో చమత్కారం విను. ఈ మాట చివర ఇంగ్లీషు ‘ఇ’ అనే అక్షరం ఒక్కటి తగిలిస్తే అర్బేన్ అవుతుంది. అప్పుడు మర్యాద తెలిసినవాడు, మాటతీరున్నవాడు అని అర్థం. ఒక్క అక్షరంతో ఊరి సంగతి మనిషి సంగతి అవుతుంది.

అక్క అదృష్టవంతురాలు. రోడ్డొస్తుంది, మోరీలొస్తాయి, పొద్దున లేస్తే పేడ ఎత్తే బతుకు పోతుంది. మీకు ఇంత దగ్గర్లో ఉన్నా మా జైపూర్ పల్లెకు ఆ యోగం ఎప్పుడో! ఇక్కడ కరెంటు ఫ్యాక్టరీ బూడిద తప్ప ఏదీ రాదు.

ఈ కవరు మీద కొత్త పద్ధతిలో డివిజన్ నంబరు రాశాను. అర్బన్‌లో ఊరి పేరు రాయనక్కర్లేదు.

ఇట్లు నీ బామ్మర్ది,
సంపత్

*

మొగిలికుంట,
2 మార్చి 2025

సంపత్తూ,

నీ కొత్త పద్ధతి పుణ్యమా అని నీ ఉత్తరం నెలరోజులు ఊరేగింది. పోస్ట్‌మ్యాన్ గట్టయ్య దాన్ని పట్టుకుని నాలుగు ఊళ్ళు తిరిగాడట. “బాపూ, నంబర్ తోని ఎవ్వలు దొరుకుతరు? ఊరి పేరు రాయమను” అని మొత్తుకున్నాడు. ఇకమీదట కవరు మీద మొగిలికుంట అని రాయి. లేకపోతే రాయనే రాయకు.

అలీముద్దీన్ దగ్గరికి పోయాను. తప్పయిందిరా అన్నాను. అసలు సంగతి చెప్పేసరికి వాడు నవ్వీ నవ్వీ దగ్గు తెరలో పడ్డాడు. వాడి భార్య రబియా బీ పరుగున నీళ్ళు తెచ్చింది. అర్బాజ్‌ని ఇప్పుడు అందరూ “ఏమయ్యా అర్బనూ, మా నల్లా ఎప్పుడు పెడ్తవ్” అని ఏడిపిస్తున్నారు. నీ ఉత్తరం ఎప్పట్లాగే అనసూర్యకు చదివి వినిపించాను. నా గొంతు నాకు వినబడదు కాబట్టి గట్టిగా చదువుతానట, వాడంతా వింటుందట. విననీ. ఇంగ్లీషు పాఠం ఉచితంగా దొరికింది. ఆ లాటినోళ్ళ ఊర్బ్స్‌లో కూడా ముందు ఊరే ఉంది చూశావా అని వాడంతా అనుకున్నారు.

ఇక నీ అర్బన్ ఏం తెచ్చిందో విను. రోడ్డు రాలేదు. నల్లా రాలేదు. పంచాయతీ నీళ్ళ ట్యాంకు నడిపే మనిషిని తీసేశారు, మున్సిపాలిటీ మనిషి, అదే బల్దియావాడు, ఇంకా రాలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పక్కింటి ఆడవాళ్ళు ఉపాధి పనికి పోతే ఇది పల్లెటూళ్ళకే, మీది అర్బన్ అని తిప్పి పంపారు. పంచాయతీ ఆఫీసు గోడ మీద మొగిలికుంట అన్న అక్షరాల మీద సున్నం కొట్టి, డివిజన్ నంబరు వేసి, పక్కన అర్బన్ అని రాశారు. నువ్వు మార్కులు కోసేది ఇలాంటి రాతకే కదా?

వచ్చింది ఒక్కటే. చెత్త! పట్నం చెత్తంతా. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని మట్టిగుట్ట పక్కన ఊరి పశువులు మేసే బంచరాయి ఉంది కదా, పోయినేడు నువ్వు సుక్క వెనకాల పరిగెత్తి పడిన చోటు. అక్కడ పొద్దున్నే ట్రాక్టర్లు వరసగా వచ్చి ఒంపి పోతున్నాయి. కుళ్ళిన అన్నం, కోడి బొచ్చు, పిల్లల డైపర్లు, దవాఖాన దూది, ఎవరెవరి ఇంటి పాసినవో. రోత పుడుతుంది బామ్మర్దీ. బాయిలో చచ్చిన ఎలుకల మధ్య అన్నం తిన్నవాణ్ణి, నాకే ముద్ద దిగడం లేదు. గాలి ఇటు తిరిగితే అనసూర్య కొంగు ముక్కుకు కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నవాడు మా ఊరు చూసే అన్నాడు.

సుక్క మేత కోసం అటే పోతుంది. నేను తోలుకొస్తే మళ్ళీ పోతుంది. దానికి అది బంచరాయే. ఇప్పుడు చెప్పు, ఈనబోయే బర్రెను ఎక్కడ మేపాలి? మీ అక్క అడుగుతున్నది ఇదొక్కటే.

నీ అర్బన్ బావ,
ఆగయ్య

*

జైపూర్,
24 మార్చి 2025

బావకు నమస్కారం. కవరు మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాశాను, చూసే ఉంటావు.

బడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. సిమెంటు పట్టీ వేశారు, ఎండాకాలమంతా మంచమే. అక్కకు భయపెట్టేలా చదవకు. కాలు ఒక్కటే, మనిషి బాగానే ఉన్నాడు. నిజానికి నేనే వచ్చి చూద్దామనుకున్నాను.

నీ కోపం నాకర్థమైంది. కానీ బావా, పల్లె పట్నమయ్యేటప్పుడు మొదట్లో కొంత కంపు తప్పదు. ఇల్లు కట్టేటప్పుడు ముందు ఇసుకా కంకరా వాకిట్లోనే పోస్తారు కదా. నాలుగేళ్ళు ఓపిక పట్టు. అన్నిటికీ బల్దియాతో పోట్లాడితే నీ బీపీయే పెరుగుతుంది.

బర్రె విషయం. అర్బన్‌లో బర్రెలేంటి బావా? అక్క వయసు మళ్ళింది. దాన్ని అమ్మేయండి, మంచి ధర వస్తుంది. పాలు కావాలంటే ప్యాకెట్లు పొద్దున్నే గడపకు వస్తాయి. శుభ్రంగా ఉంటాయి, ఈగ వాలదు, పేడ వాసన ఉండదు. మేము ఇక్కడ అవే తాగుతున్నాం. అక్క కూడా ఈ వయసులో కాస్త మనిషిలా కూర్చుని టీవీ చూసుకోవచ్చు.

సంధ్యారాణి మామిడికాయ తొక్కు పెడుతోంది. ఎవరైనా ఇటు వస్తే పంపుతాను.

నీ బామ్మర్ది,
సంపత్

*

మొగిలికుంట,
19 ఏప్రిల్ 2025

సంపత్,

నీ కాలు విరిగిందని చదవగానే మీ అక్క ఏడ్చింది. బర్రె సంగతి రాసిన పేరా చదవగానే ఏడుపు మానేసింది. ఆ మానేయడం నాకు నచ్చలేదు.

సుక్క ఈనింది. ఆడదూడ, దుడ్డె పుట్టింది. నుదుట తల్లికున్నట్టే తెల్ల చుక్క. మీ అక్క జున్ను వండి గిన్నెకు గుడ్డ కట్టి, మా తమ్ముడికి పంపుదాం, అర్బాజ్ అటు పోతాడేమో అడగండి అంది. అప్పుడే గట్టయ్య నీ ఉత్తరం తెచ్చాడు. ఆమె పక్కన కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను. నా చదువు ఎలాంటిదో రాశాను కదా. “దాన్ని అమ్మేయండి” అని నేను చదివింది వాడ చివర టీ కొట్టులో కూర్చున్న కొమురెల్లికి వినబడింది. పశువుల బేరగాడు కొమురెల్లి. మరునాడు పొద్దున పలుపు తాడు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. “పెద్దమ్మా, అమ్ముతున్నరట గద. నీ తమ్ముడే చెప్పె” అన్నాడు. పురిటి బర్రె ముందు నిలబడి!

మీ అక్క వాడిమీద కోపగించుకోలేదు. “మా ఇంట్ల అమ్మకానికి బర్రె లేదు బిడ్డా. మా తమ్ముడొక్కడు ఉండె, వాడు అర్బన్ అయిండు” అంది. ఆ మాటలు నాకు వినబడలేదు, అలీముద్దీన్ సైకిల్ సలాక పెట్టి నేలమీద రాసి చూపించాడు. నీ ఫోన్ వస్తే ఆమె ఎత్తడం లేదు. నేను చెప్పి చూశాను, నాకు వీపు తిప్పింది. జున్ను అలీముద్దీన్ ఇంట్లో తిన్నారు.

ఆ పేడ ఎత్తిన చేతులే నిన్ను బీఎడ్ చదివించాయి. ఇక ఆ సంగతి రాయను.

పోయిన వారం బల్దియా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. తెల్ల చొక్కా, ముక్కుకు సెంటు కొట్టిన జేబురుమాలు. బంచరాయి వైపు నుంచి గాలి కొడుతోంది. ఆయన మా కొట్టం చూసి ఏమన్నాడో తెలుసా? “ఏం గబ్బయ్యా ఇది! బర్రెలు పెట్టి ఏరియా అంతా పాడు చేసిన్రు. అర్బన్ల గిట్ల నడవదు. మూడు నెలల్ల తీసెయ్యాలె, లేకపోతే మేమే పట్టుకపోతం.” అలీముద్దీన్ అడ్డం వచ్చి చెత్త గుట్ట చూపించాడు. అది శాంక్షన్ అయిన చెత్త అన్నాడట! వాళ్ళు తిని పారేసిన కంపు మా ముక్కు మీద పెట్టి, అది మా పేడ కంపు అంటున్నాడు. ఛీ! నీ పాఠంలో చివరి అక్షరం ఒకటి చెప్పావు కదా, మర్యాద తెచ్చే అక్షరం. మాకు ఆ అక్షరం ఇవ్వలేదు. మిగతావన్నీ ఇచ్చారు.

సుక్కను కొట్టంలోనే కట్టి గడ్డి కొనుక్కొచ్చి వేస్తున్నాను. ఎన్ని రోజులు వెయ్యగలను? తాడు విప్పితే గుట్ట మీదికి పోతుంది.

కాలు జాగ్రత్త.

ఆగయ్య

*

జైపూర్,
10 జూన్ 2025

బావా,

రెండు నెలలు నీకు ఉత్తరం రాయలేకపోయాను. రాసి చింపాను, రాసి చింపాను. నువ్వు తిడితే పడేవాణ్ణి, కానీ నువ్వు తిట్టలేదు, అక్క మాట ఒక్కటి రాసి ఊరుకున్నావు. అది రోజూ నా తలలో తిరుగుతోంది. అక్కకు రోజూ ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాలు ఇంకా నేల మీద మోపలేను, లేకపోతే ఎప్పుడో వచ్చి ఆమె కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

నీ ఉత్తరం సంధ్యారాణి కూడా చదివింది. పేడ అంటే ఆమడ దూరం పోయే మనిషి, “దాన్ని ఇక్కడికి తోలుకరమ్మను, మన పెరడు ఖాళీగనే ఉంది గద” అంది. నేను అడగకముందే అంది. మా ఊరు ఇంకా రూరలే బావా. ఇక్కడ బర్రెను ఎవడూ తీసెయ్యమనడు. పెరట్లో కొట్టం వేయించాను, వరిగడ్డి దింపించాను.

కాబట్టి ఆలస్యం చెయ్యకు. సుక్కను, దుడ్డెను అర్బాజ్ చేతికి అప్పగించు. మిగతాదంతా అతనే చూసుకుంటాడు. అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఈసారి ఎంత గట్టిగా చదివినా పర్వాలేదు.

పాలు పితకడం నాకు రాదు. అక్క వచ్చి నేర్పాలి.

సంపత్

*

మొగిలికుంట,
23 జూన్ 2025

సంపత్,

నీ ఉత్తరం వానలో నానిపోయి వచ్చింది. గట్టయ్య సంచీలోకి నీళ్ళు పోయాయట. సగం సిరా అలుక్కుపోయింది. మిగిలింది నా చత్వారం కళ్ళతో కూడబలుక్కుని చదివాను. మీ అక్క కొట్టం గుంజకు ఆనుకుని వింది, వాడంతా వింది.

“పాలు” అని ఏదో ఉంది, “రూరలే బావా, ఇక్కడ” అని ఉంది, గొప్పలు పోతున్నావని అర్థమైంది. మధ్యలో ఒక్క ముక్క మాత్రం కొద్దిగా అలుక్కున్నా నిలిచింది. “ఆలస్యం చెయ్యకు. సుక్కను, దుడ్డెను అర్బన్ చేతికి అప్పగించు.”

ఎంత తేలిగ్గా రాశావు! అర్బన్‌కు చెయ్యి ఎప్పుడు మొలిచిందిరా? మొదట్లో నేను చెవిటితనం వల్ల దాన్ని మనిషి అనుకున్నాను, నవ్వావు. ఇప్పుడు ఇంగ్లీషు సార్‌వి, నువ్వే దానికి చెయ్యి పెట్టి, ఆ చేతికి మా బర్రెను అప్పగించమంటున్నావు. ఆ జేబురుమాలు ఆఫీసరుకు, బాలింత బర్రెను, పాలు తాగే దుడ్డెను!

మీ అక్క లేచి లోపలికి పోయింది. ఆ రోజు అన్నం తినలేదు. నేను సుక్కను ఎవడి చేతికీ ఇవ్వను. గడ్డి అయిపోయింది. నిన్నటి నుంచి తాడు విప్పాను. గుట్టో, బంచరాయో, దాని కడుపు అది చూసుకుంటుంది.

నాకు ఉత్తరాలు రాయకు.

ఆగయ్య

*

జైపూర్,
1 జూలై 2025

బావా, బావా, అర్బన్ కాదు!

అర్బాజ్. అలీముద్దీన్ కొడుకు అర్బాజ్. ట్రాలీ ఆటో అర్బాజ్. సుక్కను, దుడ్డెను ఆ ట్రాలీలో ఎక్కించి నా దగ్గరికి పంపమని రాశాను. పెరట్లో కొట్టం కట్టి నెల దాటింది. సంధ్యారాణి కుడితి తొట్టి కూడా కొన్నది. బల్దియాకు ఇవ్వమని నేను ఎందుకంటాను? అక్క ఫోన్ ఎత్తడం లేదు, అలీముద్దీన్ నంబరు నా దగ్గర లేదు, చదవగానే పంపు, దండం పెడతాను. ఈ కవరుకు రెండు పొరల ప్లాస్టిక్ చుట్టి పంపుతున్నాను, చుక్క నీరు పోదు.

అక్కకు చెప్పు. దయచేసి ముందు అక్కకు చెప్పు.

సంపత్

*

మొగిలికుంట,
9 జూలై 2025

సంపత్తూ,

నీ ప్లాస్టిక్ కవరు చుక్క తడవకుండా వచ్చింది. అది వచ్చేసరికి సుక్క పోయి రెండు రోజులైంది.

ముందు మేత మానేసింది. తర్వాత నెమరు ఆగిపోయింది. కడుపు డోలులా ఉబ్బింది. అలీముద్దీన్ స్కూటర్ మీద పోయి పశువుల డాక్టరును తెచ్చాడు. అప్పటికే చెయ్యి దాటింది. మీ అక్క దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. బర్రె తల ఎంత బరువుంటుందో నీకు తెలుసు. తెల్లారేదాకా కాళ్ళు కదపలేదు.

ఎందుకు చచ్చిందో చూడాలని డాక్టరు కడుపు కోశాడు. నేను బాయిలో మీదపడిన బొగ్గు కింద నుంచి మనుషులను తీసినవాణ్ణి, చూడలేననుకోలేదు. చూడలేకపోయాను. గడ్డి పిడికెడు లేదు. ప్లాస్టిక్! ముద్దలు ముద్దలు, తాళ్ళలా పెనవేసుకుని, రెండు తట్టలకు వచ్చింది. ఆ కంపు ఇంకా నా చేతులకు ఉంది. అలీముద్దీన్ కర్రతో కదిపి చూశాడు. అందులో సగానికి సగం పాల ప్యాకెట్లే. నువ్వు శుభ్రంగా ఉంటాయన్నావు కదా, అవే. పట్నమంతా పాలు తాగి, పాలిచ్చే దానికి ఖాళీ కవర్ల తోలు పెట్టింది.

పెరట్లో బొంద పెడదామంటే అర్బన్‌లో ఒప్పుకోరన్నారు. బల్దియా బండి వచ్చింది. చెత్త బండే. కాళ్ళకు తాడు కట్టి లాగారు. మీ అక్క బండికి అడ్డం నిలబడింది. “బిడ్డా, గా గుట్ట మీద మాత్రం వెయ్యకుండ్రి, నీ కాల్మొక్త” అంది. “అవ్వా, అర్బన్ల గంతకంటె జాగ లేదు” అన్నాడు డ్రైవరు. వాడి మీద నాకు కోపం లేదు, వాడు కళ్ళు దించుకునే అన్నాడు. అక్కడే వేశారు. అది మేసిన బంచరాయి మీదే. మా వాకిట్లో నిలబడితే కాకులు కనిపిస్తున్నాయి.

మూడో రోజు నీ ఉత్తరం వచ్చింది. ఈసారి గట్టిగా చదవలేదు. నాలో నేను చదువుకుని, నీ జూన్ ఉత్తరం తీసి అలీముద్దీన్‌కు చూపించాను. వాడు అలుక్కుపోయిన చోట వేలు పెట్టి, “అరె, ఇది నా కొడుకు పేరు గద” అన్నాడు. ‘బ’కు దీర్ఘం ఉంది సంపత్తూ. కళ్ళ ముందే ఉంది. ఆర్నెల్లుగా అర్బన్, అర్బన్ అని తిట్టీ తిట్టీ నా కళ్ళకు వేరే మాట కనిపించలేదు. నేను ఆ ఉత్తరం చదివిన పొద్దు అర్బాజ్ ఎదురింటి వాకిట్లో ట్రాలీ కడుగుతున్నాడట. నా నోట వాడి పేరు సరిగ్గా వచ్చి ఉంటే, తడి బండే తీసేవాడు.

కవర్లు ఎండాకాలం నుంచే కడుపులో చేరాయని, అప్పుడు పంపినా బతికేదో లేదోనని డాక్టరు అన్నాడట. ఆయన మాట నాకు వినబడలేదు. ఆ మాట విన్న మీ అక్క ముఖం కనబడింది, నా తప్పు తెలియడానికి అది చాలు. నాకు ఉత్తరాలు రాయకు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ మీద ఆమెకు కోపం పోయింది. రెండు ఉత్తరాలూ వరసగా చదివి చెప్పాను. కొట్టం కట్టించావన్న చోట ఆపి మళ్ళీ చదవమంది. సంధ్యారాణి తొట్టి కొన్నదన్న చోట, సుక్క పోయాక మొదటిసారి ఏడ్చింది. దుడ్డెకు సీసాతో పాలు పడుతోంది. ప్యాకెట్ పాలే, వేరే దిక్కు లేదు. ఖాళీ కవరు మాత్రం బయట పారేయనివ్వదు. ఒక్కొక్కటీ కడిగి ఆరేసి ట్రంకు పెట్టెలో దాస్తోంది. వాటికి చోటు చెయ్యడానికి పెట్టెలో చీరలు తీసి పక్కన పెట్టింది.

నువ్వు చెప్పిన పాఠం నేను మరిచిపోలేదు. నామవాచకం లేకపోతే విశేషణం గాలిలో వేలాడుతుందన్నావు. మా గోడ మీద అదే ఉంది. పేరు మీద సున్నం కొట్టి, అర్బన్ ఒక్కటి ఉంచారు. ఊరంతా ఆ ఒక్క మాట కింద కంపు పీలుస్తూ కూర్చుంది. ఆ విశేషణాన్ని మేము ఉంచుకుంటాం, అది ఎవరికీ పంపించేది కాదు.

ఈ ఉత్తరం తెచ్చేవాడు అర్బాజ్. ఈసారి సరిగ్గానే రాశాను, దీర్ఘం చూసుకో. ట్రాలీలో దుడ్డె ఉంది, దాని పక్కన గడ్డి మీద మీ అక్క ఉంది. సీటులో కూర్చోమంటే వినలేదు. నీకు పాలు పితకడం నేర్పడానికి ఇంకా మూడేళ్ళు పడుతుంది, అప్పటిదాకా దుడ్డెను సాకడం నేర్పుతానంటోంది. ఎన్ని రోజులు ఉంటే అన్ని రోజులు ఉంచుకో. వాకిలి చూడటానికి నేనున్నాను, నాకు అలీముద్దీన్ ఉన్నాడు.

దుడ్డెకు మీ అక్కే పేరు పెట్టింది. మొగిలికుంట. పొడుగ్గా ఉందని కుదించకు. సగం పేరుతో పిలిస్తే రాదు, పూర్తిగా పిలిస్తే ఎంత దూరంలో ఉన్నా వస్తుంది.

నీ బావ,
ఆగయ్య